ట్యూనింగ్: తంతి నుంచి టర్బో దాకా

మెకానిక్ షెడ్డులో వినపడే ‘ట్యూనింగ్’ పుట్టిల్లు సంగీతం. ఇంగ్లిషు ‘ట్యూన్’ అనేది ‘టోన్’కు మారురూపం. దాని మూలం గ్రీకు ‘టోనోస్’, అంటే తీగ బిగువు. మన ‘తంతి’ వెనకున్న సంస్కృత ‘తన్’ ధాతువు దానికి దూరపు చుట్టమే.

కార్బ్యురేటర్ల కాలంలో ఈ పేరు అతికినట్టు సరిపోయింది: స్క్రూ తిప్పుతూ, ఇంజన్ చప్పుడు వింటూ సరిచేసేవారు. ఇప్పటి టర్బో కారులో ఆ స్క్రూ లేదు, ఇంజన్‌ను నడిపే కంప్యూటర్ ఈసీయూలో అంకెల పట్టికలున్నాయి. ఆ పట్టికలనే ‘మ్యాప్’లంటారు. అందుకే ‘రీమ్యాప్’ అనే మాట కూడా వచ్చింది. పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు పెద్దవి బిగించారనుకోండి. ఈసీయూకు ఆ సంగతి తెలీదు. పాత లెక్కనే వాటిని తెరుస్తుంది, పెట్రోలు ఎక్కువ పడుతుంది. టర్బో ఒక్కటే పెద్దది పెడితే తంటా ఇంకోరకం: గాలి ఎక్కువై, ఇంధనం చాలక, నాకింగ్ (మిశ్రమం అదుపు తప్పి పేలడం) మొదలై పిస్టన్‌కే చిల్లు పడొచ్చు. ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండడానికి బరువులో 14.7 పాళ్ల గాలి కావాలి. టర్బో గాలిని గట్టిగా తోసే నిండు బూస్టులో మాత్రం 12 దగ్గర ఉంచుతారు. ఆ అదనపు పెట్రోలు సిలిండర్ వేడిని తగ్గిస్తుంది.

(‘టర్బో’ అంటే లాటిన్‌లో సుడిగాలి; బొంగరం కూడా!)

పార్టులు ముందు, ట్యూనింగ్ వచ్చే నెల అనుకునేవారు అందాకా యాక్సిలరేటర్ మీద కాలు తేలిగ్గా ఉంచండి.