సైడర్‌కు పొడి ఈస్ట్ కొలత
ఆపిల్ రసాన్ని పులియబెట్టి చేసే మద్యం సైడర్. ఇంగ్లండ్‌లోని సోమర్సెట్, హెరెఫర్డ్‌షైర్ దీనికి పేరుపడ్డ ప్రాంతాలు. ఇంట్లో చేసుకునేవారు వాడే పొడి ఈస్ట్ సాధారణంగా 5 గ్రాముల పొట్లంలో వస్తుంది. అది సుమారు 23 లీటర్లకు సరిపోతుంది. ఒక బ్రిటిష్ గ్యాలన్‌కు, అంటే 4.5 లీటర్లకు, 1 గ్రాము చాలు. ఇంత చిన్న తూకం వంటింటి త్రాసుకు సరిగా అందదు. బంగారం తూచే బుల్లి ఎలక్ట్రానిక్ కాటా మేలు. అది లేకపోతే చదును చేసిన టీస్పూన్‌లో మూడోవంతు వేసుకోవచ్చు. కాస్త ఎక్కువైనా సైడర్ చెడదు. మరీ తక్కువైతే పులియడం ఆలస్యమై, ఈలోగా అక్కర్లేని సూక్ష్మజీవులు చేరతాయి. ఈస్ట్‌ను పెరగనివ్వని నిల్వ పదార్థం పొటాషియం సార్బేట్ కలిపిన రసంలో మాత్రం ఎంత ఈస్ట్ వేసినా సాధారణంగా లాభం ఉండదు. అందుకే రసం కొనేముందే సీసా మీది చీటీ చదువుకోవాలి. విప్పిన పొట్లాన్ని గాలి చొరకుండా మడిచి ఫ్రిజ్‌లో దాచినా, ఈస్ట్ బలం క్రమంగా తగ్గుతుంది.