షాంతియీ మహా అశ్వశాలలు

ప్రభువులు తమ నివాసం కొరకు రాజప్రాసాదాలు నిర్మించుకొనడం చరిత్రలో సర్వసాధారణం. గుర్రాల కొరకు అంతటి ప్రాసాదాన్ని కట్టించినవారు అరుదు. ఫ్రాన్సు దేశంలో పారిస్ నగరానికి ఉత్తరాన సుమారు 40 కిలోమీటర్ల దూరంలో, అడవుల నడుమ నున్న షాంతియీ ఎస్టేటులోని మహా అశ్వశాలలు అట్టి అరుదైన కట్టడం. రెండు శతాబ్దాలకు పైగా ఫ్రెంచివారి పాలనలో ఉండిన యానానికి ఈ కట్టడపు కథ పూర్తిగా పరాయిది కాదు.

ఈ ఎస్టేటు కొండే రాజవంశీయులది. అశ్వశాలలను కట్టించినవాడు ఆ వంశంలోని బూర్బన్ డ్యూక్ లూయీ ఆన్రీ. జాన్ లా అనే స్కాట్లండు దేశీయుడు 1719లో ఫ్రాన్సులోని విదేశీ వర్తక సంఘాలను ఒకే కంపెనీగా విలీనం చేశాడు. దాని వాటాల ధర అమితంగా పెరిగి, 1720లో ఒక్కసారిగా కుప్పకూలింది. ఎన్నో కుటుంబాలు సర్వస్వం కోల్పోగా, డ్యూక్ మాత్రం అపారమైన లాభం గడించాడు. ఆ సంపదే అశ్వశాలల నిర్మాణానికి తోడ్పడింది. పతనానంతరం తిరిగి నిలదొక్కుకొన్న ఆ కంపెనీయే 1723లో యానాంలో వర్తక స్థావరాన్ని నెలకొల్పి, 1727లో విడిచిపెట్టి, 1731లో మరల తెరచింది.

వాస్తుశిల్పి జాఁ ఓబేర్ పర్యవేక్షణలో 1719లో ఆరంభమైన నిర్మాణం 1735 వరకు సాగింది. లేత వన్నె రాతితో కట్టిన ఈ భవనం పొడవు 186 మీటర్లు. మధ్యభాగంలో 28 మీటర్ల ఎత్తున గుమ్మటం. దానికి ఇరువైపులా కమాను కప్పు గల రెండు దీర్ఘశాలలు. గోడల వెంబడి వరుసగా గుర్రాలను కట్టేవారు. ఎత్తయిన కప్పు, పెద్ద కిటికీల వలన గాలీ వెలుతురూ లోనికి ధారాళంగా వచ్చేవి. గుమ్మటం క్రింద శిల్పాలంకృతమైన నీటితొట్టి ఉన్నది. ఇక్కడ 240 గుర్రాలకు చోటుండేది. వేటకుక్కలకు వేరుగా వసతి, గుర్రాల శిక్షణకు కప్పులేని వలయాకార ప్రాంగణం కూడ అమర్చారు. మరుజన్మలో తాను గుర్రమై పుడతానని డ్యూక్ నమ్మేవాడనీ, అందువల్లనే ఇంతటి వైభవమనీ ఒక ఐతిహ్యం. ఆ కాలపు ప్రభువులకు వేట కేవలం వినోదం కాదు, హోదాకు చిహ్నం. అశ్వశాల ఆ హోదాను అతిథుల కన్నులకు కట్టేది.

1789లో ఫ్రెంచి విప్లవం చెలరేగింది. కొండే వంశీయులు దేశం విడిచి వెళ్ళారు. వారి పెద్ద కోటను 1799లో పడగొట్టారు. రాళ్ళు సైతం అమ్ముడుపోయాయి. అశ్వశాలలు మాత్రం నిలిచాయి. సైన్యపు గుర్రాలకు నీడ కావలసి యుండటమే అందుకు కారణం. మనుష్యులు నివసించిన ప్రాసాదం నేలమట్టం కాగా, గుర్రాల నివాసం మిగిలింది. నేడు అక్కడ కనిపించే పెద్ద కోట 1875–1885 మధ్య ఒమాల్ డ్యూక్ తిరిగి కట్టించినది. ఆయన 1886లో ఎస్టేటును సమస్తం ఫ్రెంచి విద్వత్సంస్థ అయిన 'ఎంస్తిత్యూ ద ఫ్రాన్స్‌'కు దానం చేశారు.

అశ్వశాలల ఎదుటి మైదానంలో 1834లో గుర్రపు పందేలు ఆరంభమైనాయి. 1982లో అశ్వశాలలలో అశ్వ ప్రదర్శనశాల వెలసింది. నేటికీ అక్కడ గుర్రాలు ఉన్నవి. వాటి విన్యాసాలను చూడ బాలబాలికలు వస్తున్నారు.

ఒక ప్రభువు ఆడంబరానికై, ఎందరో నష్టపోయిన కాలంలో లభించిన ధనంతో లేచిన కట్టడం అది. దానిని కాపాడినది కట్టించినవాని కీర్తి కాదు, తరతరాలుగా దానితో జనులకున్న అవసరం. పాత భవనాలను నిలుపుకొనగోరు వారందరూ గుర్తుంచుకొనదగిన విషయమిది: తాళము వేసి కాపాడిన కట్టడం కంటె, నిత్యము పదిమంది మసలే కట్టడమే చిరకాలం నిలుస్తుంది.