వగరు చరిత్ర: నేరేడు, తంగేడు, లంద

నేరేడ్‌మెట్ పేరులోనే నేరేడు ఉంది. ఆ పండు తింటే నోరు వగరెక్కుతుంది. ఆ వగరు గురించే ఇక్కడ మాట్లాడదలిచాము. నేరేడు గింజల పొడి షుగరుకి మంచిదని ఊరూరా చెబుతారు. మాత్రలు మానేసి దాన్ని నమ్ముకునేంత ఆధారం మాత్రం లేదు. బెరడు కషాయం విరేచనాలకి ఇచ్చేవారు. ఈ రెండో వాడకం వెనక ఉన్నవి టానిన్లు.

టానిన్లు ప్రొటీన్లను పట్టి బిగిస్తాయి. లాలాజలంలోని ప్రొటీన్లను పడితే మనకి వగరు తెలుస్తుంది. పేగు పొర మీద పనిచేస్తే విరేచనం కట్టుకుంటుంది. పచ్చితోలులోని కొల్లాజెన్‌ను పడితే తోలు కుళ్ళదు. మాదిగలు లందలో తరతరాలుగా చేసింది ఈ రసాయనమే. తోలును సున్నపు నీళ్ళలో నానేసి, బొచ్చు తీసి, తంగేడు చెక్క రసంలో వేస్తారు. కరక్కాయ కూడా పడుతుంది. రసం తోలు లోపలిదాకా పట్టిందో లేదో చూపుతో, చేత్తో తేల్చాలి. దీన్ని ఏ బడిలోనూ రసాయన శాస్త్రమని చెప్పలేదు.

కరక్కాయనే చూడండి. త్రిఫల చూర్ణంలో పడితే ఆయుర్వేదం. లందలో పడితే కంపు, అంటు. కాయ అదే, టానిన్లు అవే. దంచిన చేతులే వేరు. తంగేడు పువ్వు బతుకమ్మ మీదికెక్కింది, 2014లో తెలంగాణ రాష్ట్ర పుష్పమైంది. దాని చెక్క ఊసెత్తేవారు తక్కువ.

చట్టం దగ్గరా ఇదే వరస. పుండ్లు మాన్పడానికి పసుపు వాడకం మీద 1995లో అమెరికాలో పేటెంటు ఇచ్చారు. సీఎస్ఐఆర్ పోరాడి 1997లో రద్దు చేయించింది. మంచిదే. కానీ గెలిపించినవి అచ్చులో ఉన్న గ్రంథాలు, పత్రికలు. పరాయి దేశంలో జనం వాడుతున్నారంటే అప్పటి అమెరికా చట్టానికి చాలదు, అచ్చు కాగితం చూపాలి. 2001లో మొదలైన సంప్రదాయ జ్ఞాన డిజిటల్ గ్రంథాలయం కూడా ప్రధానంగా ఆయుర్వేద, యునానీ, సిద్ధ గ్రంథాలనే ఎక్కించుకుంది. అక్షరం ముట్టనివ్వని కులాల దగ్గర గ్రంథం ఎక్కడుంటుంది?

మొక్కల మీద, వాటి జ్ఞానం మీద లాభం తీసేవాళ్ళు స్థానికులకి వాటా ఇవ్వాలని 2002 జీవవైవిధ్య చట్టం అన్నది. 2023 సవరణ గ్రంథస్థ జ్ఞానం వాడేవాళ్ళకి, ఆయుష్ వైద్యులకి అందులో మినహాయింపు ఇచ్చింది. కరక్కాయ వైద్యం గ్రంథాల్లో ఉంది కాబట్టి ఆ జ్ఞానం మినహాయింపు కిందికే పోతుంది. లంద పని తెలిసిన పెద్దలు ఇంకా ఉన్న వాడల్లో చెక్క పాళ్ళు, నానేసే రోజులు, వాళ్ళు వాడే మాటలు రాసిపెట్టే పని విద్యార్థులు ఈ సెలవుల్లోనే మొదలుపెట్టవచ్చు. రాసినదాని మీద హక్కు ఎవరిదో మొదటి పుటలోనే ఆ పెద్దల చేత చెప్పించాలి.