కండకు లెక్క కుదిరిన వందేళ్లు

గౌతమి సముద్రానికి చేరువయ్యేచోట, యానాం దరియాలతిప్పలో తరతరాలుగా వలలు లాగిన చేతుల బలాన్ని ఎవరూ కొలవలేదు. చద్దన్నం, చేపల పులుసు, ఎండనక వాననక పని. కండ దానంతటదే వచ్చేది. తీరం పొడవునా తాలింఖానా వ్యాయామశాలల్లోనూ అదే తీరు. 1882లో వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు ఇనుప గొలుసులు తెంచి, ఏనుగును రొమ్ముమీదికి ఎక్కించుకుని కలియుగ భీముడనిపించుకున్నాడు. ఆ తరానికి దండీలు, బస్కీలు ఎన్ని తీయాలో తెలుసు. తిండికి మాత్రం ఆకలే కొలత.

ఆ కొలత మారడం బోస్టన్‌లో మొదలైంది. మనిషి కదలకుండా పడుకున్నా ఒంటికి ఎన్ని కేలరీలు కావాలో చెప్పే సూత్రాన్ని 1919లో హారిస్, బెనెడిక్ట్ అనే పరిశోధకులు ప్రకటించారు. ఎనిమిదేళ్లకు అదే ఊళ్లో, హార్వర్డ్ వైద్య కళాశాలలో, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు తన సహచరుడు ఫిస్కేతో కలిసి కండలో దాగిన ఫాస్ఫోక్రియాటిన్‌ను బయటపెట్టాడు. బరువు ఎత్తే తొలి క్షణాల్లో కండ వాడుకునే శక్తి నిల్వ అదే. ఇవాళ జిమ్ముల్లో క్రియాటిన్ డబ్బా మూత తీసే కుర్రవాళ్లలో ఈ గోదావరి బిడ్డ పేరు ఎందరికి తెలుసు?

మన దేశంలో 1918లో కూనూరులో డాక్టర్ మెకారిసన్ తిండి లోపాలమీద మొదలుపెట్టిన చిన్న పరిశోధన విభాగం 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. అప్పటికి యానాంలో ఫ్రెంచి పాలన ముగిసి నాలుగేళ్లు. డాక్టర్ గోపాలన్ నాయకత్వంలో అది జాతీయ పోషకాహార సంస్థగా ఎదిగి, మన బియ్యం, పప్పు, చేపల విలువలను మన చేతికిచ్చింది. లెక్కకు ఆధారమైన భారతీయ పురుషుడి బరువు మొదట 55 కిలోలు, తర్వాత 60, 2020 నాటికి 65. ఒక జాతి ఒళ్లు చేసిన కథంతా ఆ మూడంకెల్లో ఉంది. ఆ 65 కిలోల మనిషికి కూర్చునే పనైతే రోజుకు 2,110 కేలరీలు, మోటుపనైతే 3,470. ఈలోగా 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో శ్రీకాకుళం ఆడబిడ్డ కరణం మల్లీశ్వరి మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది.

1990లో వచ్చిన మిఫ్లిన్ సూత్రంతో లెక్క ఇంకా సులువైంది. దరియాలతిప్ప కుర్రవాడొకడు 60 కిలోలు, 165 సెంటీమీటర్లు, 22 ఏళ్లు అనుకుందాం. బరువును 10తో, ఎత్తును 6.25తో హెచ్చవేసి కూడి, వయసుకు ఐదురెట్లు తీసేసి, 5 కలిపితే, కదలకుండా పడుకున్నా కావలసిన కేలరీలు 1,526. ఓ మోస్తరు శ్రమకు 1.55తో హెచ్చవేస్తే 2,365. కండ పెరగడానికి మరో 300. అంటే సుమారు 2,665. మాంసకృత్తులు కిలో బరువుకు 1.6 గ్రాముల చొప్పున 96 గ్రాములు. రోజుమొత్తం మీద 400 గ్రాముల బియ్యం, 100 గ్రాముల కందిపప్పు, 150 గ్రాముల చేప, రెండు గుడ్లు, 50 గ్రాముల వేరుశనగలు, 35 గ్రాముల నూనె: కేలరీలు 2,600 దాటుతాయి, మాంసకృత్తులు 100 గ్రాములు దాటుతాయి. లోటు ఒక అరటిపండుతో తీరుతుంది.

కండకోసం ప్రోటీన్ పొడులు వద్దని 2024లో హైదరాబాదు సంస్థే చెప్పింది. జిమ్ము నడిపేవాళ్లూ, తల్లిదండ్రులూ, పిల్లలకు డబ్బా కొనిచ్చే ముందు ఈ లెక్క కట్టి చూపించండి. వారానికి పావుకిలో పెరిగితే చాలు; పెరగకపోతే మరో గుప్పెడు బియ్యం ఎక్కువ వండండి.