సరిహద్దు ప్రాంతములలో ఇల్లు అద్దెకిచ్చుట, అమ్ముట: యజమానులు ఎరుగవలసిన విషయములు

ముళబాగిలు, బాగేపల్లి, హోసూరు, తిరుత్తణి, బళ్ళారి, పర్లాకిమిడి, షోలాపురము, సిరొంచ, యానాం మొదలగు చోట్ల తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబములకు తాతల నాటి ఇండ్లు కలవు. పిల్లలు బెంగుళూరు, చెన్నై, హైదరాబాదులకో, విదేశములకో తరలిపోగా ఆ ఇండ్లలో కొన్ని తాళము వేసి యున్నవి, కొన్ని అద్దెకున్నవి, కొన్ని అమ్మకమునకు సిద్ధముగా నున్నవి. భాష ఒకటి, ప్రభుత్వ కార్యాలయపు భాష మరొకటి అగుటచే ఈ యజమానులకు కలుగు చిక్కులు లోపలి జిల్లాల వారికి కలుగవు. అట్టి చిక్కులే ఈ వ్యాసమున ముఖ్యముగా వివరింపబడినవి.

పాత దస్తావేజులు ఎచ్చటివి?

ఇల్లు అమ్మదలచినవారు బేరమునకు ముందే చూచుకొనవలసినది మూల దస్తావేజు. సరిహద్దు కుటుంబముల దస్తావేజులు పలుమార్లు వేరొక రాష్ట్రపు కాలము నాటివై యుండును. తిరుత్తణి ప్రాంతము 1960 ఏప్రిల్ 1 వరకు చిత్తూరు జిల్లాలో నుండెను. బళ్ళారి జిల్లా 1953 అక్టోబరు 1న చీలి ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్ర రాష్ట్రమునకు వచ్చినవి. రాయచూరు, బీదరు 1956 వరకు హైదరాబాదు రాష్ట్రములోనివి గనుక అచ్చటి పాత కాగితములలో ఉర్దూ కనిపించును. బరంపురము, పర్లాకిమిడి, కోరాపుట్ ప్రాంతములు 1936లో ఒరిస్సా రాష్ట్రము ఏర్పడు వరకు మద్రాసు ప్రెసిడెన్సీలోనివి. యానాంలో 1962 ఆగస్టు 16కు పూర్వపు పత్రములు ఫ్రెంచి పద్ధతిలో నోటరీ వద్ద వ్రాయబడినవై యుండవచ్చును.

పాత దస్తావేజు వెనుక పుటలో రిజిస్ట్రారు ముద్ర, పుస్తకపు సంఖ్య, సంపుటము, పుటలు, దస్తావేజు సంఖ్య, సంవత్సరము ఉండును. మూలప్రతి చెదలు తిన్నను, పోయినను, ఈ వివరములు ఉన్నచో రిజిస్ట్రారు కార్యాలయము నుండి ధ్రువీకృత నకలు పొందవచ్చును. కనుక దస్తావేజు ముందువైపుతో పాటు వెనుకవైపును కూడ నకలు తీసి వేరొక చోట భద్రపరచుకొనవలెను. చాలమంది ముందు పుట మాత్రమే నకలు తీసి దాచుకొందురు. అవసరమునకు ఆ నకలు ఎందుకును కొరగాదు.

భాషను గురించి చట్టము ఏమనుచున్నది? 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టము 19వ సెక్షను ప్రకారము, రిజిస్టరు చేయు అధికారికి తెలియని భాషలోను, ఆ జిల్లాలో సాధారణముగా వాడుకలో లేని భాషలోను పత్రము ఉన్నచో, జిల్లాలో వాడుకనున్న భాషలోనికి సరియైన అనువాదము, దానితో పాటు ఒక నకలు జతపరచనిదే దానిని స్వీకరింపరు. ఆ తాలూకాలో తెలుగు ఇంటింటి భాష అయినప్పటికీ, అధికారి బదిలీపై వచ్చినవాడైనచో వాదము పెరుగును. కొత్త క్రయపత్రమును రాష్ట్ర భాషలోనే వ్రాయించి, దానిని ఇంటిలోని పెద్దలకు తెలుగులో చదివి వినిపించి, ఆ సంగతిని పత్రములోనే వ్రాయించుట మంచిది. అమ్మువారికి ఆ లిపి రాదన్న కారణమున తరువాత పుట్టు తగవులు కొన్ని దీనివలన ఆగును. పాత తెలుగు దస్తావేజునకు కన్నడ, తమిళ, ఒడియా అనువాదమును ముందుగానే చేయించి యుంచుకొన్నచో కొనువారి న్యాయవాదికి పని సులువగును.

ఆస్తి పత్రములకు ఒక్కొక్క రాష్ట్రమున ఒక్కొక్క పేరు. కర్ణాటకలో ఖాతా, పహణి. గ్రామ పంచాయతీ ఇండ్లకు ఈ-స్వత్తు ద్వారా ఇచ్చు నమూనా 9, నమూనా 11. తమిళనాట పట్టా, చిట్టా, విల్లంగము. మహారాష్ట్రలో సాత్ బారా, పట్టణములందు మాలమత్తా పత్రక. తెలుగున ఈసీ అనబడు ఋణభార పత్రమే తమిళమున విల్లంగ పత్రము. దానిని కనీసము 30 సంవత్సరములకు తీయించవలెను. కర్ణాటకలో 2024 నుండి రిజిస్ట్రేషనుకు ఈ-ఖాతా తప్పనిసరి చేసిరి. ఖాతా తాతగారి పేరనే నిలిచిపోయిన ఇండ్లవారు కొనువారు కుదిరిన పిదప ఖాతా మార్పునకు తిరుగుట మొదలిడినచో, బయానా గడువు ముగియుటయు, కొనువారు వెనుకకు పోవుటయు జరుగుచున్నది. అమ్ముటకు తలపు లేనివారు సైతము ఖాతాను, పట్టాను, విద్యుత్తు మీటరును ఇప్పటి వారసుల పేరునకు మార్పించుకొనుట యుక్తము.

ఆడపడుచుల సంతకము

సరిహద్దు గ్రామములందు ఇల్లు అమ్ముటలో తగవులకు మూలమగు విషయములలో ఇది ముఖ్యమైనది. ఇంటి ఆడపిల్లలను సరిహద్దు దాటి కుప్పము, మదనపల్లె, హిందూపురము, పాలకొండ వంటి ఊళ్ళకు ఇచ్చి యుందురు. అన్నదమ్ములు ఇల్లు అమ్మి, చీర, పసుపు కుంకుమలు, కొంత సొమ్ము ఇచ్చి అంతటితో సరియైనదని తలచెదరు. చట్టము అట్లు తలచదు.

తండ్రి స్వార్జిత ఆస్తి వీలునామా లేక మరణించినచో, 1956 హిందూ వారసత్వ చట్టము ప్రకారము కుమార్తెకును కుమారునితో సమాన భాగము కలదు. తల్లికిని భాగము కలదు. పిత్రార్జితము విషయములో ఆంధ్రప్రదేశ్ 1985లోను, తమిళనాడు 1989లోను, కర్ణాటక, మహారాష్ట్రలు 1994లోను కుమార్తెలకు హక్కు కల్పించినవి. అయితే ఆ రాష్ట్ర చట్టములలో అప్పటికి వివాహమైన కుమార్తెలకు అది వర్తించలేదు. 2005 సెప్టెంబరు 9 నుండి కేంద్ర చట్టము వివాహితులకు కూడ సమాన హక్కు ఇచ్చినది. ఆ తేదీన తండ్రి జీవించి యుండనవసరము లేదని 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు వినీతా శర్మ కేసులో తేల్చినది. 2004 డిసెంబరు 20కి ముందు జరిగిన అమ్మకములను, రిజిస్టరైన పంపకములను తిరగదోడుటకు వీలు లేదు. వేరొక సంగతి కూడ గమనింపదగినది. కుటుంబము నివసించు ఇంటిలో కుమార్తె తన భాగమును పంచి యిమ్మని కోరరాదను పాత 23వ సెక్షనును 2005లోనే తొలగించిరి. పెద్దలు కొందరు నేటికిని ఆ పాత నియమమునే చెప్పుచుందురు.

కావున అమ్మకపు పత్రముపై అక్కచెల్లెండ్రందరు సంతకము చేయవలెను. లేదా వారు ముందుగా హక్కు విడుదల పత్రమును రిజిస్టరు చేసి యియ్యవలెను. తెల్ల కాగితముపైనను, స్టాంపు కాగితముపైనను వ్రాసి సంతకము చేసిన విడుదల, రిజిస్టరు కానిచో హక్కును మార్చదు. మరణించిన ఆడపడుచు స్థానమున ఆమె వారసులు వచ్చెదరు. కర్ణాటకలో వంశవృక్షము, తమిళనాట వారసుల పత్రము రెవెన్యూ కార్యాలయము నుండి తెచ్చునపుడు ఏ ఆడపడుచు పేరును విడువరాదు. పేరు విడిచి తెచ్చిన పత్రముతో అమ్మినచో, పది సంవత్సరముల తరువాతనైనను ఆమె గాని, ఆమె పిల్లలు గాని దావా వేయవచ్చును. అప్పుడు కొన్నవాడు అమ్మినవారి మీదికే వచ్చును. ఆడపడుచు రాలేనంత దూరమున నున్నచో తన ఊరి సబ్ రిజిస్ట్రారు ఎదుట ధ్రువీకరింపజేసిన అధికార పత్రమును ఎవరికైనను ఇచ్చి పంపవచ్చును. గల్ఫు, అమెరికా దేశములలో నున్నవారు అచ్చటి భారత రాయబార కార్యాలయమున ధ్రువీకరించి పంపిన అధికార పత్రమునకు, అది భారతదేశము చేరిన 3 నెలలలోపు ఇచ్చట స్టాంపు సుంకము చెల్లింపవలెను. ఈ 3 నెలల గడువును మరచి పత్రమును మరల తెప్పించుకొన్నవారు పెక్కుమంది.

అధికార పత్రము అమ్మకము కాదని గుర్తుంచుకొనవలెను. జనరల్ పవర్ వ్రాసి ఇచ్చి సొమ్ము పుచ్చుకొనుటతో ఆస్తి బదిలీ కాదని 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు చెప్పినది.

భోగ్యము, అద్దె

కోలారు, చిక్కబళ్ళాపురము, బెంగుళూరు ప్రాంతములలో ఇల్లు భోగ్యమునకు వేయుట పాత అలవాటు. ఉన్నవాడు నెలసరి అద్దె చెల్లించడు. మొదట కొన్ని లక్షలు ఇచ్చును. గడువు తీరగానే యజమాని ఆ సొమ్మును పూర్తిగా తిరిగి ఇచ్చి ఇల్లు స్వాధీనము చేసికొనును. వడ్డీయే అద్దె యన్నమాట. ఈ ఏర్పాటులో కష్టము యజమానికే ఎక్కువ. చేతికి వచ్చిన సొమ్ము పెండ్లికో, బోరుబావికో వ్యయమగును. గడువు నాటికి ఇయ్యలేక, ఉన్నవాడు కదలక, ఇల్లు అమ్ముదమన్నను కొనువాడు వెనుకాడును. సొమ్మును బ్యాంకులో డిపాజిటుగా నిలుపగలవారికి మాత్రమే భోగ్యము తగినది. తక్కినవారికి నెలసరి అద్దెయే మేలు. గడువు ఏడాదికి మించినచో పత్రమును రిజిస్టరు చేయించవలెను.

11 నెలలకు ఒప్పందము వ్రాయు వాడుక పుట్టుటకును ఈ నియమమే కారణము. ఏడాదికి మించిన అద్దె ఒప్పందము రిజిస్టరు కావలెనని చట్టము. అయితే అన్ని రాష్ట్రములలో 11 నెలల ఉపాయము పనికిరాదు. మహారాష్ట్రలో 1999 నాటి అద్దె చట్టము 55వ సెక్షను ప్రకారము ఎంత తక్కువ గడువుకైనను ఒప్పందము వ్రాతపూర్వకముగా నుండి రిజిస్టరు కావలెను. ఆ బాధ్యత యజమానిది. చేయనిచో 3 నెలల వరకు జైలు, 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండును పడవచ్చును. పైగా, షరతులపై వివాదము వచ్చినచో, వేరుగా రుజువు కానంతవరకు అద్దెకున్నవాని మాటయే చెల్లును. షోలాపురములోని పద్మశాలి కుటుంబములలో ఇండ్లు అద్దెకిచ్చువారు ఎందరో గలరు. వారికి ఈ సంగతి ముఖ్యము.

తమిళనాట 2019 ఫిబ్రవరి 22 నుండి కొత్త అద్దె చట్టము అమలులోనికి వచ్చినది. హోసూరు, కృష్ణగిరి, తిరుత్తణి వంటి పట్టణములలో ఒప్పందము వ్రాసి అద్దె అధికారి వద్ద నమోదు చేయించవలెను. వేరుగా ఒప్పుకొననిచో అడ్వాన్సు 3 నెలల అద్దెకు మించరాదు. ఇల్లు ఖాళీ చేసిన నెలలోపు మినహాయింపులు పోను తిరిగి ఇయ్యవలెను. పది నెలల అడ్వాన్సు పుచ్చుకొను పాత పద్ధతికి అలవాటుపడినవారు అధిక మొత్తమును ఒప్పందములో స్పష్టముగా వ్రాయించుకొనకపోయినచో చిక్కుపడెదరు.

నెలకు నెలగా సాగు అద్దెను ముగించుటకు, వేరే షరతు గాని, అద్దె చట్టపు రక్షణ గాని లేనిచో, 15 దినముల వ్రాతపూర్వక నోటీసు చాలును. నోటీసును చేతికి ఇచ్చుటకంటె తపాలా రసీదుతో పంపుట మేలు. అద్దె ఇయ్యనివాని ఇంటికి నీరు, కరెంటు ఆపుట, సామాను వీధిలో వేయుట ఎన్నటికిని చేయరాదు. అట్లు వెళ్ళగొట్టబడినవాడు 6 నెలలలోపు దావా వేసినచో, యజమానిత్వము ఎవరిదని చూడకయే, న్యాయస్థానము స్వాధీనమును అతనికి తిరిగి ఇప్పించగలదు.

బంధువును ఉచితముగా ఇంటిలో నుంచిన సందర్భములో పత్రము వ్రాయుటకు మొగమాటము అడ్డువచ్చును. అయినను, ఇల్లు ఎవరిదో, ఎవరి అనుమతితో ఉన్నారో తెలుపు చిన్న ఉత్తరమైనను ఉండవలెను. 12 సంవత్సరములు గడచిన తరువాత స్వాధీనపు హక్కు మాట లేచుట అరుదు కాదు. ఇంటి పన్ను మాత్రము యజమాని పేరననే, యజమాని చేతనే చెల్లవలెను.

అమ్మకము నాడు

అద్దెకున్నవారు ఉండగా ఇల్లు అమ్మినచో అద్దె తనంతట తాను ముగియదు. కొన్నవాడు కొత్త యజమాని యగును. అడ్వాన్సు ఎవరు తిరిగి ఇచ్చుట అను మాట క్రయపత్రములో వ్రాయవలెను. ఇంటిలో, హక్కులో కంటికి కనపడని లోపములు ఉన్నచో కొనువానికి తెలుపుట చట్టరీత్యా అమ్మువాని బాధ్యత. దాచినచో అది మోసముగా పరిగణింపబడును. అమ్మకపు తేదీ వరకు పన్నులు అమ్మువాడే చెల్లించవలెను.

బయానా 20,000 రూపాయలు గాని, అంతకు మించి గాని అయినచో సాధారణముగా నగదుగా పుచ్చుకొనరాదు. బ్యాంకు ద్వారానే రావలెను. లేనిచో అంత మొత్తమును జరిమానా పడవచ్చును. తమిళనాట 2012 నుండి అమ్మకపు ఒప్పందము సైతము రిజిస్టరు కావలసినదే. విలువ 50 లక్షలు దాటినచో కొనువాడు 1 శాతము పన్ను పట్టుకొని ప్రభుత్వమునకు కట్టును. 24 నెలలకు మించి యున్న ఇంటిపై లాభమునకు 2024 జూలై 23 నుండి పన్ను 12.5 శాతము. ఆ తేదీకి ముందు సంపాదించినవారు ధరల సూచీ లెక్కతో 20 శాతము చొప్పున కూడ లెక్కగట్టుకొనవచ్చును. తాతల నాటి ఇంటికి 2001 ఏప్రిల్ 1 నాటి విలువను కొన్న ధరగా తీసికొనవచ్చును గనుక, ఆ నాటి ప్రభుత్వ మార్గదర్శక విలువ పత్రమును రిజిస్ట్రారు కార్యాలయము నుండి ముందే తెచ్చుకొనుట లాభకరము. 2 సంవత్సరములలోపు వేరొక ఇల్లు కొన్నను, 3 సంవత్సరములలోపు కట్టించుకొన్నను, షరతులకు లోబడి మినహాయింపు కలదు.

ఒడిశాలో కోరాపుట్, రాయగడ, మల్కనగిరి, నవరంగపూర్ జిల్లాలు పూర్తిగా షెడ్యూల్డు ప్రాంతములు. 1956 నాటి 2వ రెగ్యులేషను, దానికి 2002 సెప్టెంబరు 4 నుండి అమలైన సవరణ ప్రకారము అచ్చటి గిరిజనుల స్థిరాస్తి గిరిజనేతరులకు చెల్లదు. పూర్వము గిరిజనుల వద్ద కొన్న స్థలములో ఇల్లు కట్టుకొన్న కుటుంబములు, ఆనాడు పొందిన అధికారి అనుమతి పత్రమును వెదకి పట్టుకొనవలెను. అది లేనిచో ఇల్లు అమ్ముడుపోవుట అటుంచి, ఉన్న స్థలమే ప్రశ్నార్థకమగును.

ఇల్లు ఒక రాష్ట్రమునను, దానికి చేరిన దొడ్డియో, పొలమో మరొక రాష్ట్రమునను ఉన్న కుటుంబములు యానాం చుట్టుపక్కలను, పలమనేరు, గౌరిబిదనూరు దిక్కులను గలవు. అట్టివారు ఒకే కొనువానికి అమ్మినను రెండు వేర్వేరు క్రయపత్రములు వ్రాయించి, ఏ రాష్ట్రపు ఆస్తిని ఆ రాష్ట్రపు సబ్ రిజిస్ట్రారు వద్దనే, ఆ రాష్ట్రపు స్టాంపు సుంకముతో రిజిస్టరు చేయించుట క్షేమము. పత్రము వ్రాసిన తేదీ నుండి 4 నెలలలోపు రిజిస్ట్రేషనుకు సమర్పింపవలెను. రెండు ఊళ్ళకు తిరుగవలసి యుండును గనుక తేదీలను దగ్గరగా పెట్టుకొని, సొమ్ములో దేనికి ఎంత యని రెండు పత్రములందును విడివిడిగా చూపవలెను.