రెండు గొట్టాలు, మూడు పనులు

మోటారుసైకిల్ ముందు చక్రాన్ని పట్టుకొని ఉండే జంట గొట్టాలని మన మెకానిక్కులు ‘ముందు షాకబ్జర్లు’ అంటారు. కంపెనీ పుస్తకాల్లో వాటి పేరు టెలిస్కోపిక్ ఫోర్కు. గుంతల దెబ్బని మింగడం వాటి పనుల్లో ఒకటి మాత్రమే. హేండిల్ తిప్పితే చక్రాన్ని తిప్పేదీ అవే. ముందు బ్రేకు పట్టినప్పుడు బండి బరువూ మనిషి బరువూ ముందుకు తోసుకొస్తే ఆ తోపుని భరించేదీ అవే. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు. ఇక్కడ మూడున్నాయి.

ఊళ్ళో తిరిగే బండికి ఇదేమంత బాధ కాదు. ఇద్దరు మనుషులూ పెట్టెల నిండా సామానూ వేసుకొని రోజుకి ఐదారు వందల కిలోమీటర్లు పోయే టూరింగ్ బండికి మాత్రం సాయంత్రానికి మణికట్లూ భుజాలూ లెక్క చెప్తాయి. అందుకే ఈ చిక్కు చరిత్ర టూరింగ్ బళ్ళలోనే బాగా కనిపిస్తుంది, అందులోనూ బీఎమ్‌డబ్ల్యూ బళ్ళలో. ఈ ఫోర్కుని ప్రపంచానికి అలవాటు చేసినవాళ్ళలో ముందున్న ఆ కంపెనీయే తర్వాత దాన్ని రెండుసార్లు పక్కన పెట్టింది.

గొట్టంలో గొట్టం జారే ఫోర్కు ఇంగ్లండులో స్కాట్ బండికి 1908లోనే ఉంది. డెన్మార్కు వాళ్ళ నింబస్‌కి 1934లో వచ్చింది. రెండింట్లోనూ స్ప్రింగు ఉంది కానీ దాన్ని అదుపుచేసే నూనె లేదు. ఉత్త స్ప్రింగు దెబ్బని మింగుతుంది, మరుక్షణం తిరిగి కక్కుతుంది. ఒక గుంత దాటాక బండి నాలుగుసార్లు ఊగుతుంది. 1935లో బీఎమ్‌డబ్ల్యూ తన ఆర్12, ఆర్17 బళ్ళ ఫోర్కులో నూనె పోసి, అది సన్నటి కన్నాల గుండా పోయేట్టు చేసింది. స్ప్రింగు కదిలినప్పుడల్లా నూనె ఆ కన్నాల్లోంచి ఇరుక్కొని పోవాలి. ఆ ప్రయాసలో ఊపు కాస్తా వేడిగా మారి చల్లారిపోతుంది. డాంపింగ్ అంటే ఇంతే.

యుద్ధకాలంలో ఇంగ్లండు సైన్యం వాడిన మాచ్‌లెస్ బళ్ళకి 1941లో ‘టెలిడ్రాలిక్’ ఫోర్కు వచ్చింది. యుద్ధం తర్వాత దాదాపు అందరూ అదే దారి పట్టారు. హార్లీ-డేవిడ్‌సన్ 1949లో తన పెద్ద బండికి హైడ్రాలిక్ ఫోర్కు బిగించి, బండి పేరే ‘హైడ్రా-గ్లైడ్’ అని పెట్టింది. ఇంజను పేరుతో కాకుండా ముందు సస్పెన్షన్ పేరుతో బండి అమ్మారంటే, దూరప్రయాణం చేసేవాళ్ళకి ఆ సుఖం ఎంత కొత్తో ఊహించుకోవచ్చు. 1955 తర్వాత మద్రాసులో తయారైన బులెట్లకి కూడా ఉన్నది టెలిస్కోపిక్ ఫోర్కే.

ఇక దీని లోపం. ఫోర్కు మొత్తం 120 మిల్లీమీటర్లు కదలగలదు అనుకుందాం. మనం ఎక్కి కూర్చోగానే అందులో సుమారు మూడోవంతు ఖర్చైపోతుంది. గట్టిగా బ్రేకు పడితే ముక్కు దిగిపోయి, మిగిలినదాంట్లో చాలా భాగం పోతుంది. సరిగ్గా అప్పుడే చక్రం కింద గుంత వస్తే మింగడానికి చోటుండదు, దెబ్బ నేరుగా చేతుల్లోకొస్తుంది. పైగా గొట్టాలు ఏటవాలుగా ఉంటాయి కాబట్టి బ్రేకు తోపుకి కాస్త వంగి, ఒకదాన్నొకటి పట్టేసి, జారాల్సిన చోట జారవు. స్ప్రింగు గట్టిపరిస్తే ముక్కు దిగదు, కానీ చిన్న గతుకులన్నీ చేతికి తెలుస్తాయి. మెత్తబరిస్తే సుఖమే, కానీ బ్రేకు పట్టినప్పుడల్లా బండి వంగి దణ్ణం పెడుతుంది.

ఇంగ్లండులో ఎర్నీ ఎర్ల్స్ 1950ల మొదట్లో వేరే దారి చూపించాడు. చక్రం వెనక ఒక కీలు, అక్కణ్ణుంచి ముందుకు చాచిన చేయి, ఆ చేతికి చక్రం. ఇందులో బ్రేకు పడితే ముక్కు దిగకపోగా కొంచెం లేస్తుంది. 1955 నుంచి 1969 దాకా బీఎమ్‌డబ్ల్యూ తన పెద్ద బళ్ళకి దీన్నే వాడింది. పక్కతొట్టి తగిలించుకునేవాళ్ళకి ఇది బాగా నప్పింది. అయితే ఈ అమరిక బరువెక్కువ, ఆ బరువు హేండిల్‌తోబాటు తిరగాలి, మలుపులో బండి బద్ధకంగా కదులుతుంది. కార్లు అందుబాటులోకొచ్చి పక్కతొట్లు తగ్గాయి, వేగం కావాలనేవాళ్ళు పెరిగారు. 1969లో కొత్త వరస బళ్ళతో కంపెనీ మళ్ళీ గొట్టాలకే వచ్చింది.

1975 మోడలుగా వచ్చిన హోండా గోల్డ్ వింగ్‌కి కూడా గొట్టాలే. ఆ బండి ఏటికేడూ బరువెక్కింది. 1980లో ఫోర్కులోకి గాలి నింపే ఏర్పాటు చేశారు. ఆ దశాబ్దంలోనే బ్రేకు పట్టినప్పుడు నూనె దారిని బిగించి ముక్కు దిగకుండా ఆపే పరికరాలూ వచ్చాయి. రోగం మూలంలో ఉంటే ఇవన్నీ పైపూతలు. దారి బిగించినప్పుడు దిగుడుతోబాటు గుంతని మింగే శక్తీ తగ్గుతుంది.

1993లో ఆర్1100ఆర్‌ఎస్‌తో బీఎమ్‌డబ్ల్యూ రెండోసారి పక్కకి తిరిగింది. దాని టెలీలీవర్‌లో గొట్టాలుంటాయి కానీ వాటిలో స్ప్రింగుండదు. చక్రాన్ని తిప్పడం వాటి పని. ఇంజనుకి అతికించిన ‘ఎ’ ఆకారపు చేయి బ్రేకు తోపుని భరిస్తుంది. ఆ చేతిమీద నిలబెట్టిన ఒకే ఒక్క షాకబ్జర్ గుంతల సంగతి చూస్తుంది. మూడు పనులకీ ముగ్గురు మనుషులన్నమాట. 2004లో కే1200ఎస్‌కి వచ్చిన డ్యువోలీవర్, నార్మన్ హొసాక్ ఆలోచన మీద, ఇంకో అడుగు ముందుకేసి గొట్టాలనే తీసేసింది. చివరికి 2018 మోడలు గోల్డ్ వింగ్ కూడా కారులోలాగా రెండు విష్‌బోన్‌లకి మారింది.

మరి కథ ఇక్కడితో అయిపోవాలి కదా? కాలేదు. టెలీలీవర్ నడిపినవాళ్ళలో చాలామంది అన్నమాట ఒకటుంది: సుఖంగానే ఉంది, కానీ ముందు చక్రం ఏం చేస్తోందో తెలియడం లేదు. మామూలు ఫోర్కులో ముక్కు దిగడం లోపమే, కానీ అదొక కబురు కూడా. ఎంత దిగిందో చూసి టైరు మీద ఎంత బరువు పడిందో చేతులు లెక్కగడతాయి. ముక్కు దిగినప్పుడు హేండిల్ కూడా కాస్త చురుకవుతుంది, మలుపులోకి వాలడం తేలికవుతుంది. దశాబ్దాలుగా చేతులు నేర్చుకున్న ఆ భాషని తీసేస్తే, తడిరోడ్డు మీద మనిషికి బండి మీద నమ్మకం సడలుతుంది. తూలి పడకుండా ఇల్లు చేరడానికి ఆ నమ్మకం కూడా కావాలి.

2015లో ఆర్1200ఆర్, ఆర్1200ఆర్‌ఎస్ బళ్ళకి బీఎమ్‌డబ్ల్యూ టెలీలీవర్ తీసేసి మళ్ళీ ఫోర్కు పెట్టింది. నీళ్ళతో చల్లబడే ఇంజనుకి రేడియేటర్ ముందుకి రావడంతో చోటు చాల్లేదు. అదే ఇంజనున్న పెద్ద టూరింగ్ బండి ఆర్1200ఆర్‌టీకి మాత్రం టెలీలీవర్ ఉంచింది. ఈలోగా పాత గొట్టాలకీ కొత్త బుద్ధి వచ్చింది. 2013 మోడలు డుకాటి మల్టీస్ట్రాడాలో ఎలెక్ట్రానిక్ కవాటాలు నడుస్తూండగానే నూనె దారిని మారుస్తాయి. 1935లో స్థిరంగా ఉన్న కన్నం ఇప్పుడు క్షణక్షణానికీ తన వెడల్పు తానే నిర్ణయించుకుంటోంది.

2023లో వచ్చిన ఆర్1300జీఎస్‌లో టెలీలీవర్ ఇంకా ఉంది, హేండిల్‌కి కబుర్లు మరింత స్పష్టంగా అందేలా సవరించుకొని. గుంతని మింగడం ఇంజనీర్లు ఎప్పుడో నేర్చుకున్నారు. గుంత దెబ్బలో ఎంత మింగాలో, ఎంత చేతికి చెప్పాలో తేల్చుకోవడానికే తొంభై ఏళ్ళు సరిపోలేదు.