బ్యాంకు అడ్డగోలుగా ఛార్జీలు కోసిందా? యాచారంలో ఉంటూనే కేసు వేయొచ్చు.. ఎలాగంటే

ఖాతాలోంచి ఒక నెల రూ.236, ఇంకో నెల రూ.590 పోయాయి. స్టేట్‌మెంట్‌లో చూస్తే అర్థంకాని పొట్టి అక్షరాలు. బ్రాంచికి వెళ్లి అడిగితే ‘సిస్టమ్ ఆటోమేటిక్‌గా కట్ చేస్తుందండీ’ అన్న సమాధానం. ఆ వింత అంకెల లెక్క మాత్రం తేలికే. రూ.200 ఛార్జీకి 18 శాతం జీఎస్టీ కలిస్తే రూ.236, రూ.500కి కలిస్తే రూ.590. డబ్బు వెనక్కి అడిగేటప్పుడు జీఎస్టీతో కలిపి అడగండి. చాలామంది ఇది మర్చిపోతారు.

బ్రిటన్‌లో ఇలాంటి చిన్న మొత్తాల కోసం స్మాల్ క్లెయిమ్స్ కోర్టుకు వెళ్తారు. మన దగ్గర ఆ పని చేసేది జిల్లా వినియోగదారుల కమిషన్. బ్యాంకింగ్ కూడా ‘సేవ’ కిందికే వస్తుందని 2019 వినియోగదారుల రక్షణ చట్టం స్పష్టంగా చెబుతోంది. మీ ఖాతా అమీర్‌పేట బ్రాంచిలో ఉన్నా, బ్యాంకు ప్రధాన కార్యాలయం ముంబయిలో ఉన్నా పర్వాలేదు. మీరు నివసించే చోటే ఫిర్యాదు చేసే హక్కు సెక్షన్ 34 ఇచ్చింది. యాచారం, ఇబ్రహీంపట్నం వాసులైతే రంగారెడ్డి జిల్లా కమిషన్‌లో వేసుకోవచ్చు.

‘ఎక్కువ తీసుకున్నారు’ అంటే చాలదు

కేసులు ఎక్కువగా దెబ్బతినే చోటు ఇదే. బ్రిటన్‌లో 2006, 2007 ప్రాంతంలో ఓవర్‌డ్రాఫ్ట్ ఛార్జీలపై వేలమంది ఖాతాదారులు కోర్టులకెక్కారు. చాలా బ్యాంకులు విచారణ దాకా రాకుండానే డబ్బు తిరిగిచ్చాయి. కానీ 2009 నవంబర్ 25న అక్కడి సుప్రీంకోర్టు, ఆ ఛార్జీలు సేవకు చెల్లించే ధరలో భాగమని, ఆ ధర న్యాయమైనదా కాదా అని నియంత్రణ సంస్థ తూచలేదని తేల్చింది. దాంతో ఆ ఊపు ఆగిపోయింది.

మన దగ్గరా దాదాపు అదే జరిగింది. క్రెడిట్ కార్డుపై ఏడాదికి 30 శాతం మించి వడ్డీ వసూలు చేయడం అనుచిత వ్యాపార పద్ధతి అని జాతీయ కమిషన్ 2008లో తీర్పు ఇస్తే, 2024 డిసెంబర్ 20న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. అది ఆర్‌బీఐ చూసుకోవాల్సిన విషయమంది.

కాబట్టి ఛార్జీ ఎక్కువన్న వాదన పక్కన పెట్టండి. బ్యాంకు ఏ నిబంధన తప్పిందో చూపించండి. అలా చూపించడానికి ఆర్‌బీఐ నిబంధనలే మీకు కావాల్సినంత సరుకు ఇస్తున్నాయి.

మినిమమ్ బ్యాలెన్స్ సంగతే చూడండి. 2015 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం, బ్యాలెన్స్ తగ్గిందని బ్యాంకు ముందు మీకు ఎస్‌ఎంఎస్, ఈమెయిల్ లేదా లేఖ ద్వారా చెప్పాలి. సరిచేసుకోవడానికి కనీసం నెల గడువివ్వాలి. ఆ తర్వాతే జరిమానా. అదీ తగ్గిన మొత్తానికి తగినంతే ఉండాలి. రూ.10,000 ఉండాల్సిన ఖాతాలో రూ.9,500 ఉన్నవారికీ, రూ.500 ఉన్నవారికీ ఒకే జరిమానా వేస్తే తప్పు. కేవలం ఈ జరిమానాల వల్ల పొదుపు ఖాతా మైనస్‌లోకి పోకూడదు. ఉద్యోగం మారాక వదిలేసిన పాత జీతం ఖాతా ‘మైనస్ 1,200’ చూపిస్తోందా? ఆ మైనస్ జరిమానాల వల్లే వచ్చిందైతే మీ చేతిలో బలమైన కేసున్నట్టే. జన్‌ధన్ వంటి బేసిక్ ఖాతాల్లో అసలు మినిమమ్ బ్యాలెన్స్ అనే షరతే ఉండదు.

మీరు అడగని క్రెడిట్ కార్డు పంపి, దానికి బిల్లు కూడా వేస్తే ఆ ఛార్జీలు రద్దు చేయడమే కాదు, రద్దు చేసిన మొత్తానికి రెండింతలు మీకు జరిమానాగా కట్టాలి. బాకీ లేని కార్డును మూసేయమని మీరు కోరాక ఏడు పనిదినాల్లో మూయకపోతే రోజుకు రూ.500 ఇవ్వాలి. ఏటీఎంలో డబ్బు రాకుండానే ఖాతాలో కట్ అయి, లావాదేవీ రోజు తర్వాత ఐదు రోజుల్లోగా తిరిగి జమ కాకపోతే రోజుకు రూ.100. మీ సమ్మతి లేకుండా రూ.436 లేదా రూ.20 బీమా ప్రీమియం కట్ అయితే, మీరిచ్చిన అంగీకార పత్రం చూపమని అడగండి.

ముందు బ్యాంకుకు, ఆ తర్వాతే కమిషన్‌కు

బ్రాంచిలో నోటిమాటగా అడిగి వచ్చేయకండి. రాతపూర్వకంగా మూడు ప్రశ్నలు అడగండి. ఈ ఛార్జీ ఏ నిబంధన కింద వేశారు? నాకు ఏ తేదీన, ఎలా తెలియజేశారు? మొత్తాన్ని ఎలా లెక్కగట్టారు? ఈమెయిల్ పంపితే మంచిది. కాగితం ఇస్తే కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోండి. బ్యాంకు జవాబు చెప్పలేకపోతే, అదే రేపు మీకు సాక్ష్యం.

30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు. సమాచారానికి 14448కి కాల్ చేయండి. ఒక్కసారి పోయిన రూ.236 కోసమైతే ఇక్కడితో సరిపెట్టుకోవడమే మేలు. ఏళ్ల తరబడి కోతలు పడినా, ఖాతా మైనస్‌లోకి పోయినా కమిషన్ దాకా వెళ్లడం దండగ కాదు.

ఒక మెలిక ఉంది. ముందే కమిషన్‌లో కేసు వేస్తే అదే విషయాన్ని అంబుడ్స్‌మన్ తీసుకోరు. అందుకే అంబుడ్స్‌మన్ ముందు, కమిషన్ తర్వాత. అయితే కమిషన్‌కు రెండేళ్ల గడువుందని గుర్తుంచుకోండి. అంబుడ్స్‌మన్ దగ్గర ఫైలు నడుస్తోంది కదా అని ఆ గడువు దాటనివ్వొద్దు.

కేసు ఎలా వేయాలి?

చెల్లించిన మొత్తం రూ.5 లక్షల లోపైతే కోర్టు ఫీజు లేదు. లాయర్ తప్పనిసరి కాదు, మీరే వాదించుకోవచ్చు. ఫిర్యాదు, అఫిడవిట్, ఛార్జీలు గుర్తుపెట్టిన స్టేట్‌మెంట్, బ్యాంకుతో జరిగిన ఉత్తరప్రత్యుత్తరాలు, గుర్తింపు కార్డు జతచేయాలి. బ్రాంచి మేనేజర్‌తో పాటు బ్యాంకు ప్రధాన కార్యాలయాన్నీ ప్రతివాదిగా చేర్చండి. ఆన్‌లైన్‌లో వేయడానికి 2025 జనవరి 1న మొదలైన ఈ-జాగృతి పోర్టల్ ఉంది. సందేహాలకు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. మహిళలు, ఎస్సీ, ఎస్టీలు, దివ్యాంగులు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. వారు 15100కి ఫోన్ చేయొచ్చు.

ఫిర్యాదు రాసేటప్పుడు ‘ఈ ఒప్పందమే అన్యాయం’ అని రాయకండి. అన్యాయమైన ఒప్పందాలపై ఫిర్యాదులను చట్టం రాష్ట్ర కమిషన్‌కు అప్పగించింది. ‘సేవాలోపం’ అని రాస్తే జిల్లా కమిషన్‌లోనే సరిపోతుంది. ఇంకో విషయం, లాభం కోసం నడిపే వ్యాపార ఖాతాలపై ఇక్కడ కేసు నిలవదు. స్వయం ఉపాధితో పొట్టపోసుకునే చిన్న దుకాణదారుకు మాత్రం చట్టంలో మినహాయింపు ఉంది.

ఫిర్యాదు స్వీకరించాలా వద్దా అన్నది మామూలుగా 21 రోజుల్లో తేల్చాలి. నోటీసు అందాక బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వాలి. కమిషన్ ఇంకో 15 రోజులు ఇవ్వొచ్చు. అంతకుమించి ఇవ్వడానికి వీల్లేదని 2020 మార్చిలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. బ్యాంకుకు నోటీసు అందిన మూడు నెలల్లో కేసు తేల్చాలని చట్టం చెబుతుంది కానీ, ఆచరణలో ఇంకా ఆలస్యమవుతుందనే అనుకుని దిగండి. ప్రతి వాయిదాకూ పని మానుకుని వెళ్లక్కర్లేకుండా వీడియో కాన్ఫరెన్స్‌లో హాజరవుతానని దరఖాస్తు పెట్టుకోవచ్చు.

తీర్పు మీకు అనుకూలంగా వస్తే బ్యాంకు 45 రోజుల్లో రాష్ట్ర కమిషన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. కానీ కట్టాల్సిన సొమ్ములో సగం ముందే డిపాజిట్ చేయాలి. అప్పీలుకూ వెళ్లక, డబ్బూ ఇవ్వకపోతే అదే జిల్లా కమిషన్‌లో అమలు పిటిషన్ వేయండి. ఆదేశాన్ని ధిక్కరించినవారికి నెల నుంచి మూడేళ్ల వరకు జైలు గానీ, రూ.25,000 నుంచి రూ.లక్ష వరకు జరిమానా గానీ, రెండూ గానీ వేసే అధికారం సెక్షన్ 72 కింద కమిషన్‌కు ఉంది.